పాత మట్టి మిద్దెను నమూనా ఇల్లుగా మార్చదలచిన విద్యార్థులకు

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. దేవరకొండ వైపు ఒక పల్లెలో మీలో ఒకరి తాతగారికి 60 ఏళ్ల నాటి మట్టి మిద్దె ఉందని, దాని వెనుక 1990లలో వేసిన 5 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు గల స్లాబు గది ఉందని, పర్యావరణానికి హాని చేయని బతుకు ఎలా ఉంటుందో ఊరివాళ్లకు చూపించడం కోసం 14 మంది విద్యార్థులు కలిసి వచ్చే వేసవి సెలవుల్లో ఆ ఇంటిని బాగు చేయాలనుకుంటున్నారని రాశారు. చేతిలో 3 లక్షల రూపాయలు ఉన్నాయని, సోలార్ పలకలతో మొదలుపెట్టి, మట్టి గోడలకు సిమెంటు పూత వేయించి, మిద్దె మీది మట్టి తీసేసి రేకులు పరిపించాలన్నది మీ ఆలోచన అని, ఈ వరుస సరైనదేనా అని అడిగారు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో 30 ఏళ్లకు పైగా పాత ఇళ్ల మరమ్మతులు చేయించిన సివిల్ ఇంజినీరుగా చెబుతున్నాను: మీ ఉద్దేశం చాలా మంచిది, కానీ వరుస పూర్తిగా తిరగబడింది. మీరు చూపించదలచిన దానిలో సగం ఆ మిద్దెలో ఇప్పటికే ఉంది. సిమెంటు పూత, రేకులు కలిసి ఆ సగాన్నే చెడగొడతాయి.

పనిముట్లు పట్టుకునే ముందు ఆ ఇంటిని పది రోజులు పరిశీలించండి. రెండు మామూలు థర్మామీటర్లు కొని, ఒకటి మిద్దె నడింట్లో, ఇంకొకటి వెనుక స్లాబు గదిలో, మనిషి కూర్చుంటే తల ఉండే ఎత్తులో గోడకు తగలకుండా వేలాడదీయండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రెండింటి అంకెలనూ ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. స్లాబు పగలంతా పీల్చుకున్న ఎండ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది కాబట్టి, రాత్రి పదింటి అంకెల్లోనే మీకు అసలు తేడా కనిపిస్తుంది. అడుగున్నర మందం గోడ, దానికి తోడు మందపాటి మట్టి కప్పు ఉన్న గదిలోకి వేడి చాలా నెమ్మదిగా దిగుతుంది. అది లోపలి ముఖానికి చేరే వేళకు పొద్దుగూకి బయట చల్లబడుతుంది. అప్పుడు కిటికీలు, కప్పు మీది గవాక్షం తెరిస్తే ఆ వేడి నిలవకుండా పోతుంది. పగలు మూసి ఉంచడం, రాత్రి తెరిచి ఉంచడం అనే అలవాటు మన నానమ్మలకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఈ నోటుబుక్కు మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన వస్తువు అవుతుంది. ఎందుకంటే మన పల్లెల్లో మిద్దె అంటే పేదరికానికి గుర్తు, స్లాబు అంటే పరువుకు గుర్తు అన్న భావన గట్టిగా పాతుకుపోయింది. స్లాబు ఇల్లు లేకపోతే పిల్లనివ్వమని చెప్పిన సంబంధాలను నేనే చూశాను. అలాంటి చోట పర్యావరణం గురించి ఉపన్యాసం చెబితే మర్యాదగా విని వెళ్లిపోతారు. రోహిణి కార్తెలో రెండు గదుల్లో రాసిన అంకెలు, అదీ వాళ్ల ఊరి ఇంట్లో రాసినవి, చూపిస్తే మాత్రం ఆగి అడుగుతారు.

ఇక సిమెంటు విషయం. పాత నల్లగొండ జిల్లాలోని మఠంపల్లి, వాడపల్లి ప్రాంతం సున్నపురాయి నిక్షేపాల మీద సిమెంటు కర్మాగారాలతో నిండి ఉంటుంది కాబట్టి ఈ సంగతి మీకు దూరపు విషయం కాదు. సిమెంటుకు మూలమైన క్లింకరు తయారు కావాలంటే కొలిమిలో సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. ఆ వేడి కోసం కాల్చే బొగ్గు నుంచే కాకుండా, సున్నపురాయి విడిపోయేటప్పుడు ఆ రాయి లోపలి నుంచి కూడా భూమిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) బయటికి వస్తుంది. పొయ్యి కింద ఇంధనాన్ని ఎంత మార్చినా ఈ రెండో భాగం పోదు. కాబట్టి నిలబడి ఉన్న గోడను కూల్చకుండా, దాని మీద అనవసరంగా సిమెంటు వేయకుండా కాపాడుకోవడమే మీ ఇంట్లో జరగబోయే అతిపెద్ద పొదుపు. సిమెంటు మీద నాకు ద్వేషం లేదు; అది కావలసిన చోటు ఈ ఇంట్లోనే ఒకటి ఉంది, దాని గురించి కింద చెబుతాను.

మట్టి గోడ మీద సిమెంటు పూత ఎందుకు వద్దంటున్నానో నా సొంత తప్పుతోనే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అచ్చంపేట వైపు ఒక పల్లెలో ఒక రైతు ఇంటికి, వానకు గోడలు కరగకూడదనే మంచి ఉద్దేశంతోనే, నేను దగ్గరుండి బయటి వైపంతా సిమెంటు పూత వేయించాను. మొదటి ఏడాది చూడముచ్చటగా ఉంది. రెండో వానాకాలం దాటాక ఆ రైతు కబురు పెడితే వెళ్లాను. పడమటి గోడను వేళ్ల కణుపులతో తడితే డోలు మోగినట్టు బోలుగా మోగింది. పూతలో కనీకనిపించని వెంట్రుక పగుళ్లు ఉన్నాయి. వేలితో ఒక అంచు పట్టి లాగగానే మంచం అంత పెచ్చు ఊడి వచ్చింది. దాని వెనుక గోడ తడి పిండిలా మెత్తగా ఉండి, చేతికి ముద్దగా అంటుకుంది. మట్టి తేమతో ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. సిమెంటు దానితోపాటు కదలదు కాబట్టి పగులుతుంది. పగుళ్ల నుంచి లోపలికి పోయిన నీటికి మళ్లీ ఆవిరై బయటికి వచ్చే దారి ఉండదు. గోడను కాపాడుతుందనుకున్న పూతే దాన్ని లోపల నానబెట్టింది. ఆ గోడను తిరిగి కట్టించడానికి ఆ కుటుంబానికి అయిన ఖర్చు గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దీనికి బదులు చేయవలసింది ఇది. గోడ అడుగున వాన చినుకులు చిట్లి తినేసిన చోట్లను రాయి, మట్టితో నింపి, ఇంటి చుట్టూ నేలను గోడ నుంచి బయటికి వాలేటట్టు సరిచేయండి. గోడల రోగంలో సగం అక్కడే నయమవుతుంది. తర్వాత ఎర్రమట్టిలో తగినంత ఇసుక, సన్నగా తరిగిన వరిగడ్డి, పేడ కలిపి కొన్ని రోజులు నానవేసి, కాళ్లతో తొక్కి, ఆ మట్టితోనే పూత పెట్టి, ఆరిన తర్వాత రెండు మూడు సార్లు పలుచని సున్నం కొట్టండి. వాన ఎక్కువగా తగిలే గోడ కింది మూడడుగులకు మాత్రం సున్నం, ఇసుక పాళ్లు ఒకటికి మూడుగా కలిపిన పూత వేయవచ్చు. సున్నం ఊపిరి పీల్చే పదార్థం. లోపలి తేమను బయటికి పోనిస్తుంది. పైగా అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకునే గట్టిపడుతుంది, అంటే కాల్చినప్పుడు రాయి వదిలిన దానిలో చాలా భాగం మళ్లీ గోడలోకి చేరుతుంది. అయితే ఆ పని నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి వేసవిలో పూసిన పూతను తడి గోనెపట్టాలతో కప్పి ఉంచాలి. మే నెల ఎండకు వదిలేస్తే పిండిలా రాలిపోతుంది.

సున్నం దగ్గర ఒక గట్టి హెచ్చరిక. కాల్చిన సున్నపు గడ్డలు నీళ్లలో పడగానే రెండు మూడు నిమిషాలు ఏమీ జరగనట్టు ఉండి, తర్వాత ఒక్కసారిగా బుసబుసమంటూ పగిలి, నీళ్లు సలసల కాగుతాయి, తెల్లని ఆవిరి లేస్తుంది, చుక్కలు ఎగిరి పడతాయి. ముందు గుంతలో నీళ్లు నింపి అందులోకి గడ్డలను కొద్దికొద్దిగా వదలాలి; గడ్డల కుప్ప మీద నీళ్లు గుమ్మరించకూడదు. కళ్లద్దాలు, చేతితొడుగులు లేనివాళ్లను ఆ గుంత దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే నలపకుండా చాలాసేపు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మరిగి చల్లారిన సున్నాన్ని నీటి కింద కనీసం రెండు మూడు వారాలు ఉంచితే వెన్నలా మెత్తబడుతుంది. కాబట్టి సెలవులకు ముందే, ఒక ఆదివారం వెళ్లి, ఆ గుంత తీయించి, సున్నం నానవేయించి పెట్టండి.

ఇప్పుడు కప్పు. నా దృష్టిలో మీ డబ్బులో సగం, మీ శ్రద్ధలో సగానికి పైగా ఇక్కడికే పోవాలి. మన వైపు మిద్దె నిర్మాణం మీకు తెలిసే ఉంటుంది: దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, ఆకు అలమో బోదో వేసి, దాని మీద మట్టి, అన్నిటికంటే పైన చవుడు. చవుడు మట్టిలో సోడియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. తడిసినప్పుడు బంకమట్టి రేణువులు ఆ సోడియం వల్ల విడివిడిగా చెదిరి, కిందికి జారి, సందులన్నిటినీ పూడ్చేస్తాయి. అందుకే పంట చేనులో నీళ్లు ఇంకనివ్వని ఆ చెడ్డ మట్టే కప్పు మీద మంచి మట్టి అయింది. దాన్ని గుర్తుపట్టడం నాకు నేర్పింది ఒక ముసలి సుతారి మేస్త్రి. కొద్దిగా మట్టిని తడిపి, అరచేతిలో గిన్నెలా చేసి, నీడన ఆరబెట్టి, అందులో నిండుగా నీళ్లు పోసి, రాత్రంతా ఒక పళ్లెం మీద ఉంచమన్నాడు. పొద్దున నీళ్లు గిన్నెలోనే ఉండి పళ్లెం పొడిగా ఉంటే అది మిద్దెకు పనికొచ్చే చవుడు. గిన్నె కూలిపోతే, పళ్లెం తడిస్తే వేరే చోటు వెతుక్కోవాలి. మీ ఊరి చుట్టూ నాలుగైదు చోట్ల నుంచి మట్టి తెచ్చి ఈ పరీక్ష చేయండి. ప్రయోగశాలలో పని చేసే అలవాటు ఉన్న మీకు ఇది బాగా నచ్చుతుంది.

అయితే మిద్దెలో ప్రాణాంతకమైన లోపం కూడా ఈ చవుడులోనే ఉంది. ఏటా మృగశిరకు ముందు కొత్త చవుడు పోస్తారే తప్ప పాతది తీయరు. 60 ఏళ్లలో కప్పు మందం ఎంతకు పెరిగిందో ఎవరూ కొలవరు. ఒక అడుగు మందం మట్టి చదరపు మీటరుకు సుమారు 500 కిలోల బరువు ఉంటుంది, తడిస్తే ఇంకా పెరుగుతుంది. 5 అంగుళాల కాంక్రీటు స్లాబు బరువైనా అంత ఉండదు. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు గల గది మీద 6 టన్నుల మట్టి నిలబడి ఉంటుందన్నమాట, అదీ చెదలు పట్టి ఉండే అవకాశం ఉన్న దూలాల మీద. ప్రతి వానాకాలం ముసురు పట్టినప్పుడు రాత్రివేళ మిద్దెలు, గోడలు కూలి నిద్రలోనే మనుషులు చనిపోయిన వార్తలు పాలమూరు వైపు నుంచి వింటూనే ఉన్నాం. కాబట్టి మీరు నమూనా ఇల్లు అంటూ పదిమందిని ఆ కప్పు కిందికి పిలిచే ముందు అది నిలుస్తుందని తేల్చుకోవడం మీ బాధ్యత.

కప్పు మీద నాలుగు చోట్ల చిన్న గుంతలు తీసి మందం కొలవండి. దూలాలు గోడలోకి దూరే చోట ఒక స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మధ్యలో గట్టిగా కనిపించే దూలం కూడా తేమ తగిలే ఆ కొసల దగ్గరే పుచ్చిపోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కడితే దూలం ఎంత వంగిందో తెలుస్తుంది. పుచ్చిన దూలం మార్చవలసి వస్తే, కింద నిట్టాళ్లతో ఆసరా పెట్టిన తర్వాతే, కప్పు మీది మట్టిని రెండు వైపుల నుంచీ సమానంగా, పలుచని పొరలుగా తీయించాలి. ఒక పక్కనే తీస్తే బరువు రెండో పక్కకు ఒరిగి కప్పు కూలుతుంది. ఆ సమయంలో గదిలో ఎవరూ ఉండకూడదు. ఈ పని విద్యార్థులు చేయవలసింది కాదు. అనుభవం ఉన్న సుతారి, వడ్లపని తెలిసినవారు చేయాలి, మీరు కొలతలు తీసి, ఫోటోలు తీసి, రాసుకోవాలి. దేశమంతటా ఆనకట్టల దగ్గర మట్టిపని చేసిన పాలమూరు మేస్త్రీల చేతివాటం పక్కన నిలబడి చూడటం కూడా చదువే. పాత గోడ సందుల్లో తేళ్లు, పాములు ఉంటాయి కాబట్టి చేయి పెట్టే ముందు కర్రతో కదిలించండి.

తీసిన మట్టిలో సగానికి సగం తిరిగి వేయనక్కర్లేదు. ఆరేడు అంగుళాల మందంతో బాగా దిమ్మిసా చేసి, పైన రెండు అంగుళాల పరీక్షించిన చవుడు పరిచి, తూముల వైపు వాలు ఇస్తే చల్లదనం చాలావరకు నిలుస్తుంది, బరువు బాగా తగ్గుతుంది. తూములు గోడకు కనీసం అడుగున్నర అవతల నీళ్లు పడేటట్టు పొడుగ్గా ఉండాలి. ఇకమీదట ఏటా కొత్త చవుడు పోసే ముందు పాత పొరను గీకి తీయాలని ఆ ఇంటివాళ్లకు చెప్పండి. ఊరంతటికీ మీరు చెప్పవలసిన ముఖ్యమైన మాటల్లో ఇది ఒకటి. రేకుల ఆలోచన మాత్రం మానుకోండి. పలుచని రేకు కింద మే నెల మధ్యాహ్నం మనిషి నిలవలేడు. ఆ ఇంట్లో పశువుల కొట్టానికి పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు ఉంటే వాటిని కోయడం, రంధ్రాలు చేయడం, పగలగొట్టడం అస్సలు చేయవద్దు. ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సరుకు దారి తీయవచ్చు. అలాగే తలుపులు, దర్వాజాల మీది పాత రంగును పొడిగా గీకకండి. మన దేశంలో ఇంటి రంగుల్లో విషపదార్థమైన సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో అది ఎక్కువగా ఉండవచ్చు. తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని తీయండి, ఆ పెచ్చులను పెరట్లో పోయకండి.

వెనుక స్లాబు గదికి చికిత్స చాలా సులభం, చవక. పైభాగాన్ని శుభ్రం చేసి, పగుళ్లు పూడ్చి, తెల్లని సున్నం రెండు మూడు పూతలు వేయండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించడానికి ఆధారం ఈ సూత్రమే. బజారులో దొరికే తెల్లని రసాయన పూతలు ఎక్కువ కాలం ఉంటాయి, కానీ ఈ కప్పు నీళ్లు మీరు తాగబోతున్నారు కాబట్టి నేను ఏటా వేసుకునే సున్నమే మేలంటాను.

అవును, తాగబోతున్నారు. నల్లగొండ జిల్లాలో, అందులోనూ మర్రిగూడ, దేవరకొండ వైపు, నీటి మాట లేకుండా పర్యావరణ హితమైన ఇల్లు గురించి మాట్లాడటం నాకు సాధ్యం కాదు. ఇక్కడి గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతుంది. మన బోర్లలో చాలా వాటిలో అంతకంటే ఎంతో ఎక్కువ ఉండటం వల్లనే వంగిన ఎముకలతో, గార పట్టిన పళ్లతో ఒక తరం బతికింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినప్పుడు దానికి ప్రపంచమంతటా నల్గొండ టెక్నిక్ అనే పేరు నిలిచిపోయింది. మన ఊరి పేరు అలా ప్రసిద్ధి కావడం వెనుక ఎంత బాధ ఉందో మీ తాతల తరాన్ని అడగండి. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల ద్వారా శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పరిస్థితి చాలా మెరుగుపడింది. కానీ నల్లా రాని రోజున చేయి మళ్లీ బోరు మీదికే పోతుంది. ఆ నీళ్లను మరిగిస్తే చాలుననుకునేవారు ఇంకా ఉన్నారు. మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది తప్ప పోదు.

వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. లెక్క చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మీ స్లాబు 30 చదరపు మీటర్లు. మన దగ్గర ఏడాదికి 650 మిల్లీమీటర్లు అనుకుని, చిమ్మిపోయేది, ఆవిరయ్యేది తీసేసి 80 శాతం పట్టగలమనుకుంటే 15,600 లీటర్లు వస్తాయి. ఐదుగురికి తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు 8 లీటర్ల చొప్పున, వానలు లేని 240 రోజులకు 9,600 లీటర్లు చాలు. అంటే 10,000 లీటర్ల తొట్టి ఒకటి ఉంటే ఆ ఒక్క గది కప్పే కుటుంబానికి ఎనిమిది నెలల తాగునీరు ఇవ్వగలదు. మట్టి మిద్దె నీళ్లు మాత్రం ఇందులో కలపకండి, చవుడు ఉప్పు, బురద వస్తాయి. అవి పెరటి చెట్లకు కూడా కాకుండా ఇంకుడు గుంతకే పోనివ్వండి. ఈ తొట్టి దగ్గరే సిమెంటుకు సరైన స్థానం ఉంది: కోళ్ల జాలీ, ఇనుప చువ్వలు, పలుచని సిమెంటు గారతో కట్టే ఫెర్రోసిమెంటు తొట్టి తక్కువ సామానుతో గట్టిగా నిలుస్తుంది, ఊరి మేస్త్రి ఒకసారి కడితే మళ్లీ మళ్లీ కట్టగలడు. ప్రతి వాన మొదటి నీళ్లు, కనీసం 60 లీటర్లు, దుమ్ముతో వస్తాయి కాబట్టి వేరే గొట్టంలోకి మళ్లించాలి. వెలుతురు, దోమలు లోపలికి పోకుండా సన్నని జాలీతో మూత బిగించాలి. సూక్ష్మజీవుల కోసం ఈ నీళ్లను మాత్రం కాచి చల్లార్చి తాగాలి. ఇంకుడు గుంత మట్టి గోడకు పది అడుగుల దూరంలో ఉండాలి. దగ్గరగా తీసి పునాదిని నానబెట్టుకున్న ఇళ్లను చాలా చూశాను.

సోలార్‌ను చివరికి పెట్టమనడానికి కారణం అది చెడ్డదని కాదు. గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా వస్తోంది. మీ పక్కింటి ఆయన బిల్లే కట్టనప్పుడు మీ పలకలను చూసి తానూ పెట్టించుకోవాలని ఎందుకు అనుకుంటాడు? ముందు వాడకం తగ్గించి చూపించండి. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు రోజుకు 15 గంటలు తిరిగితే 4.5 యూనిట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు అంతే సేపు తిరిగితే 1.8 యూనిట్లు. నెలకు 81 యూనిట్ల తేడా. వేసవిలో 200 దాటి మొత్తం బిల్లు కట్టవలసి వస్తుందేమోనని భయపడే ఇంటికి ఇది వెంటనే అర్థమయ్యే లాభం. ఇదంతా అయ్యాక డబ్బు మిగిలితే ఒక కిలోవాటు పలకలు పెట్టండి. సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని చోటు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, పీఎం సూర్యఘర్ పథకం కింద కిలోవాటుకు 30,000 రూపాయల రాయితీ ఉంది. కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఇప్పుడే చూసుకోండి, చాలామంది పాత ఇళ్లలో చనిపోయిన పెద్దల పేరునే ఉంటుంది. వైరింగు పని లైసెన్సు ఉన్నవారితోనే చేయించి, ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పక పెట్టించండి. తడి మట్టి గోడలో పాత వైరు ఉండటం చాలా ప్రమాదకరం.

గోబర్ గ్యాసు గురించి అడిగారు. ఒక ఘనపు మీటరు ప్లాంటుకు రోజుకు సుమారు 25 కిలోల పేడ కావాలి; ఆ ఇంట్లో ఇప్పుడు పశువులు లేవని మీరే రాశారు కాబట్టి వదిలేయండి. మరుగుదొడ్డి లేకపోతే, ఒక గుంట నిండాక రెండోది వాడుతూ మొదటిదాన్ని ఎరువుగా మారనిచ్చే రెండు గుంటల పద్ధతి మంచిది.

చివరిగా, నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే విషయం. మీరు పాసై వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఎవరు ఉంటారు? అమెరికాలో కాలిఫోర్నియాలోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు 1978లో ఒక పాత ఇంటిని ఇలాగే పర్యావరణ హితంగా మార్చడం మొదలుపెట్టారు. ఆ ఇల్లే కేంద్రంగా మారి దశాబ్దాలుగా నడవడానికి, నా దృష్టిలో, ఒక కారణం దాన్ని నడిపే విద్యార్థులు చాలా ఏళ్లు అందులోనే కాపురముంటూ, వచ్చినవారికి తాము రోజూ వాడుకునే వస్తువులనే చూపించడం. తాళం వేసిన నమూనా ఇంటికి రెండేళ్లలో చెదలు పడతాయి, మట్టి ఇంటికైతే ఇంకా తొందరగా. తాతగారు అక్కడే ఉండటానికి ఒప్పుకుంటే అంతకంటే మంచిది లేదు. లేకపోతే అంగన్‌వాడీకో, మహిళా సంఘం సమావేశాలకో వాడుకోమని పంచాయతీతో మాట్లాడి, ఎవరు ఏటా సున్నం కొట్టాలి, ఎవరు తొట్టి కడగాలి అన్నది కాగితం మీద రాసుకోండి. మీలో ఇద్దరు ముగ్గురు ముందుగా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో ఉన్న రూరల్ టెక్నాలజీ పార్కుకు వెళ్లి, అక్కడ మట్టి ఇటుకలతో కట్టిన నమూనా ఇళ్లను చూసి రండి. వీలైతే మీ ఊరి సుతారి మేస్త్రిని కూడా వెంట తీసుకుపోండి. ఆయన కళ్లతో చూసింది ఊళ్లో నిలుస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పనులు మూడే. బోరు నీళ్లను సీసాలో పట్టి ఫ్లోరైడ్ పరీక్షకు పంపండి. కప్పు మందాన్ని నాలుగు చోట్ల కొలవండి. దూలాల కొసలను పొడిచి చూసి, ప్రతిదానికీ ఒక ఫోటో తీయండి. ఆ కొలతలు, ఫోటోలు నాకు పంపితే ఎన్ని దూలాలు మార్చాలో, నిట్టాళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో గీసి పంపుతాను. ఉగాదిలోపు అందితే మృగశిర నాటికి కప్పు పని పూర్తవుతుంది.